పక్కటెముకల కింద చెయ్యి

గుండె ఆసుపత్రి మూడో అంతస్తులో, ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకోవలసినంత చల్లగా ఉండే ఒక గది ఉంది. ఆ గదిలో ఆవిడ చేసే పని చూసేవాళ్లకు అసలు పనిలా కనిపించదు. పడుకున్న మనిషి పొట్టమీద చెయ్యి వేసి నిలబడటం. పందొమ్మిదేళ్ల సర్వీసున్న నర్సుకు ఇదా పని అని కొత్తగా చేరినవాళ్లు మొదట్లో ముసిముసిగా నవ్వుకుంటారు. ఆ చెయ్యి అక్కడ ఎందుకుందో తెలిశాక నవ్వు మానేస్తారు.

గుండె లయ తప్పి, కాసేపు పరిగెత్తి కాసేపు తడబడే రోగులు ఆ గదికి వస్తారు. గజ్జ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని గుండెదాకా పంపిస్తారు. గొట్టం చివర చిన్న బెలూన్ ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి గుండెలోకి రక్తం తెచ్చే నాళాలు నాలుగు. లయను చెడగొట్టే అల్లరంతా చాలావరకు ఆ నాలుగు మూతుల దగ్గరే పుడుతుంది. బెలూన్‌ను ఒక్కో మూతికీ ఆనించి, మూడు నిమిషాలపాటు గడ్డకట్టేంత చల్లబరుస్తారు. అక్కడి కండరం చచ్చుబడితే అల్లరి ఆగుతుంది. ఎడమవైపు రెండింటి దగ్గర సిస్టర్ చేతికి పెద్ద పని లేదు, రోగి కదలకుండా చూడ్డానికి ఊరికే ఆనించి ఉంచుతుంది. కుడివైపు రెండింటికి ఆనుకుని మాత్రం ఒక నరం పోతుంది. మెడలోంచి దిగి, ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అనే కండరాన్ని ఆడించే నరం. మనం ఊపిరి పీల్చేది చాలావరకు ఆ కండరంతోనే. చలికి ఇల్లేదో పొరుగేదో తెలియదు.

అందుకని కుడివైపు చల్లబరుస్తున్నంతసేపూ ఇంకో తీగతో ఆ నరానికి సెకనున్నరకు ఒకసారి చిన్న కరెంటు ఇస్తారు. ఇచ్చినప్పుడల్లా ఎక్కిళ్లు వచ్చినట్టు పొట్ట ఎగురుతుంది. కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టినవాళ్లకు ఆ తన్ను తెలుస్తుంది. తన్ను బలంగా ఉన్నంతకాలం నరం క్షేమం. సడలిందంటే "ఆపండి" అనాలి. ఆ మాట వినగానే డాక్టరు ఆపెయ్యాలి. ఎందుకని అడగకూడదు. ఆ గదిలో రాసి పెట్టకపోయినా అందరూ పాటించే కట్టుబాటు అదొక్కటే.

ఆ ఏడాది ఒకే నెలలో ఆవిడ రెండుసార్లు "ఆపండి" అంది. రెండుసార్లూ నరానికి ఏమీ కాలేదు. కరెంటు ఇచ్చే తీగ కాస్త జారింది, అందుకే తన్ను ఆగింది. రెండోసారి మొత్తం మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చి, ఆ తరువాతి రోగిని మర్నాటికి వాయిదా వేశారు. డాక్టరుగారు చెడ్డవాడు కాదు. చెయ్యి మంచిది, నోరే కొంచెం దురద నోరు.

"నాన్నా పులి అంటే రెండుసార్లు పరిగెత్తుకొచ్చాను సిస్టర్. మూడోసారి రాను, ముందే చెప్తున్నా," అన్నాడు చేతి తొడుగులు విప్పుతూ.

గదిలో అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆరోజు నుంచి ఆవిడ పులి సిస్టర్ అయిపోయింది. మందుల కొట్టువాడు కూడా అదే పేరుతో పిలిచేవాడు. మూడోసారి ఆపమన్నా డాక్టరుగారు ఆపి తీరతాడని ఆవిడకు తెలుసు. తెలిసినా ఒకటే. నవ్విన మాట నవ్వినచోట ఉండిపోదు, కూడా వచ్చేస్తుంది.

గాజు ఊదే ఆయన వచ్చింది ఆ తరువాతి నెలలోనే.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఒక పెద్ద కాలేజీ నేలమాళిగలో, ప్రయోగశాలలకు కావలసిన గాజు సామాను చేస్తాడు. ఫ్లాస్కులు, వంపు గొట్టాలు, గొట్టంలో గొట్టం ఉండే సామాన్లు. మంటముందు కూర్చుని గాజు గొట్టాన్ని రెండు చేతుల్తో ఒకే వేగంతో తిప్పుతూ, మెత్తబడ్డాక రబ్బరు గొట్టంతో నోటితో ఊదాలి. ఏడాదిగా గుండె తడబడినప్పుడల్లా ఊపిరి అదిరి, చేతిలో సామాను వంకర పోయేది. అందుకే ఈ చికిత్సకు ఒప్పుకున్నాడు. ఆయన భార్య ఒప్పుకోలేదు. ఆవిడ అదే కాలేజీలో రసాయనాల స్టోరు చూస్తుంది. ఏ సీసా ఎక్కడుందో, ఏది ఏ నెలలో పాడవుతుందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి.

"మాత్రలు వేసుకుంటే గడిచిపోయేదానికి గుండెలోకి గొట్టాలెందుకండీ," అని కాగితాల మీద సంతకం పెట్టే ముందు కూడా అడిగింది.

డాక్టరుగారు ప్రమాదాలన్నీ చెప్పాడు. రక్తస్రావం, పక్షవాతం, తరువాత నరం సంగతి. "నూటికి ఏ కొద్దిమందికో జరుగుతుంది. వాళ్లలో కూడా చాలామందికి నెలల్లో తిరిగొచ్చేస్తుంది. అది జరక్కుండా చూడ్డానికే మా సిస్టర్ చెయ్యి ఉంటుంది."

గాజు ఊదే ఆయన ఆ చేతికేసి చూశాడు. వంకర తిరిగిన సామానును పరీక్షగా చూసినట్టు చూశాడు. "మీ చెయ్యి చల్లగా ఉంటుందామ్మా?" అని అడిగాడు.

"ఈ గదిలో అందరివీ చల్లగానే ఉంటాయి బాబాయిగారూ. మీరు కదలకుండా ఉంటే చాలు."

"కదలకుండా ఉండటమా. ముప్పై ఒక్క ఏళ్లుగా నాకు జీతమిస్తున్నది దానికే," అన్నాడు ఆయన.

అన్నట్టే పడుకున్నాడు. సగం మత్తులో ఉన్నా రాయిలా ఉన్నాడు. ఎడమవైపు రెండూ అయిపోయాయి. కుడివైపు కిందిదీ అయిపోయింది. మిగిలింది కుడివైపు పైది, నరానికి అన్నిటికన్నా దగ్గరది. డాక్టరుగారు కాళ్లవైపు నిలబడి తెర చూస్తున్నాడు. టెక్నీషియన్ గాజు అద్దం అవతల కూర్చున్నాడు. సిస్టర్ చెయ్యి పచ్చగుడ్డ కింద, కుడి పక్కటెముకల అంచున ఉంది. ఎదురుగా తెరమీద పెద్ద అంకెలు కదులుతున్నాయి. ఒకటి చలి, ఒకటి సెకన్లు. తన్ను బలంగా, క్రమంగా వస్తోంది.

నూట ముప్పై ఒకటో సెకను దగ్గర తన్ను కొంచెం మెత్తబడినట్టనిపించింది.

నిజంగా మెత్తబడిందా? తీగ జారిందేమో. జారితే మళ్లీ నాన్నా పులి. ఇంకొకటి చూద్దాం అనుకుంది. ఇంకొకటి వచ్చింది, మొదటిదానికన్నా మెత్తగా. ఇంకొకటి. తెరకేసి చూసింది, తీగ ఉన్నచోటే ఉన్నట్టుంది. ఖచ్చితంగా తెలియదు. ఇంకొకటి. ఐదో తన్ను వేలి చివర ఎవరో ఊదినట్టు తగిలింది. అప్పుడు నోరు తెరిచింది.

"ఆపండి."

డాక్టరుగారు అదే క్షణంలో ఆపేశాడు. ఎందుకని అడగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. బెలూన్ గాలి తీసేశాడు. సెకన్ల అంకె నూట ముప్పై తొమ్మిది మీద ఆగింది. తరువాతి కరెంటుకు సిస్టర్ చేతికింద ఏమీ కదల్లేదు. ఆ తరువాతిదానికీ కదల్లేదు. పావుగంట చూశారు. తీగ జారలేదు.

"వస్తుందిలే," అన్నాడు డాక్టరుగారు కాసేపయ్యాక, ఎవరితోనో చెప్పినట్టు.

టెక్నీషియన్ కంప్యూటర్లో ఎప్పుడూ రాసే వాక్యమే రాశాడు. 'డయాఫ్రం కదలిక తగ్గిన వెంటనే చికిత్స ఆపబడినది.' కింద సిస్టర్ సంతకం పెట్టాలి. పెట్టింది.

మర్నాడు పొద్దున వార్డులో డాక్టరుగారు మంచం పక్కన నిలబడి జరిగింది చెప్పాడు. దాచలేదు. కుడివైపు డయాఫ్రం ప్రస్తుతానికి పనిచెయ్యడం లేదన్నాడు. మెట్లెక్కితే, వంగితే, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుందన్నాడు. నెలలు పట్టొచ్చు, చాలామందికి ఏడాదిలోపు వచ్చేస్తుందన్నాడు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఆయనకు ఎదుటివాళ్లు మాట్లాడకుండా కూర్చుంటే తోచదు, ఏదో ఒకటి నింపాలి.

"మధ్యలో మీరు ఒకసారి కాస్త కదిలినట్టున్నారు. బెలూన్ వెంట్రుకవాసి లోపలికి జరిగి ఉంటుంది. ఒక్కోసారి అలా అవుతుంది."

"నేను కదల్లేదండీ," అన్నాడు గాజు ఊదే ఆయన.

"మత్తులో ఉన్నారు కదా. మీకు తెలియదు."

డాక్టరుగారు పక్క మంచానికి వెళ్లిపోయాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న బాపతు కాదు ఆయన, నిజంగానే అలా అయి ఉంటుందనుకున్నాడు. అనుకున్నది అన్నాడు, అని మరిచిపోయాడు. ఆయన వెంట వార్డుకొచ్చి, మంచానికి ఈ పక్కన రక్తపోటు చూస్తున్న సిస్టర్ మాత్రం పట్టీ విప్పుతూ అలాగే ఉండిపోయింది. గంటా నలభై నిమిషాలు ఆ మనిషి పొట్టమీద ఉన్నది ఆవిడ చెయ్యి. ఆయన కదల్లేదని రూఢిగా చెప్పగల మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉంటే అది ఆవిడే. రోగికి మత్తు, డాక్టరుకు తెర, టెక్నీషియన్‌కు అద్దం. చెయ్యి ఒక్కదానికే తెలుసు. ఆ మాట చెబితే, మరి ఎందుకు ఇలా అయిందన్న ప్రశ్న వస్తుంది. ఆవిడ తేలు కుట్టిన దొంగలా పట్టీ చుట్టుకుని బయటికొచ్చేసింది.

వస్తుంటే వెనక భార్య గొంతు వినిపించింది. "నా మాట ఎలాగూ వినలేదు. పోనీ అక్కడికెళ్లాకైనా ఒక్క గంట కదలకుండా పడుకోలేకపోయారా?"

వారం తరువాత టెక్నీషియన్‌కు చెప్పింది. అతను ఆవిడకన్నా పదేళ్లు చిన్న, అక్కా అని పిలుస్తాడు. వరండా చివర కాఫీ మెషీను దగ్గర అంతా విన్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా. ఆయనేమైనా అడిగాడా? కాగితాల్లో ఈ నరం సంగతి రాసే ఉంది, చదివే సంతకం పెట్టాడు."

"ఎనిమిది సెకన్లు ఆగాను."

"అయితే? దెబ్బ అంతకుముందే తగిలిందేమో. ముందే అన్నా ఇలాగే అయ్యేదేమో. అయ్యేది కాదని నువ్వు చెప్పగలవా?"

ఆవిడ చెప్పగలిగే మాట కాదది. డాక్టరుగారూ చెప్పలేడు. అతను అన్నది నిజమే కావచ్చు. కావచ్చు కాబట్టే ఆవిడ ఆ మాట పట్టుకుని రెండు నెలలు గడిపేసింది. ఆ రెండు నెలల్లో పనిలో ఎవరూ వేలెత్తి చూపలేదు. చెయ్యి ఏమాత్రం అనుమానించినా "ఆపండి" అనేసేది. ఒకసారి ఊరికే అంది, డాక్టరుగారు ఏమీ అనలేదు. ఆయనా ఆ పేరుతో పిలవడం మానేశాడు. రాత్రిళ్లు నిద్ర పడుతూనే ఉంది. అన్నం సహిస్తూనే ఉంది. ఒక మనిషిని మోసం చేస్తే తిండీ నిద్రా పోతాయని అనుకుంటాం కానీ, అవెక్కడికీ పోవు. అదే ఆవిడకు సిగ్గనిపించింది.

రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం, సెలవు పెట్టి, కాలేజీ నేలమాళిగకు వెళ్లింది. చెప్పాలనే వెళ్లింది. దారిలో వాక్యం కూడా సిద్ధం చేసుకుంది.

పొడుగాటి గది. ఒక గోడ నిండా గాజు గొట్టాలు సన్నవి ఒకచోట, లావువి ఒకచోట పేర్చి ఉన్నాయి. బెంచీమీద మంట నీలంగా, చిన్న చప్పుడుతో మండుతోంది. గాజు ఊదే ఆయన ముదురురంగు కళ్లద్దాలు పెట్టుకుని, నోట్లో రబ్బరు గొట్టంతో కూర్చున్నాడు. ఆయన చేతుల్లో గాజు ఎర్రగా మెత్తబడి తిరుగుతోంది. ఊదాడు. గాజు ఉబ్బింది, నారింజకాయంత అయింది. ఇంకా ఊదాలి. ఊపిరి చాలలేదు. ఆగి పీల్చుకునేలోపు ఒక పక్కకు కుంగిపోయింది. ఆయన దాన్ని మంటలోంచి తీసి, పక్కనున్న ఇనుప తొట్టిలో పడేశాడు. తొట్టి సగానికి పైగా నిండి ఉంది.

సిస్టర్‌ను చూసి లేవబోయాడు. "రండమ్మా. గుండెకేం, గడియారంలా కొట్టుకుంటోంది. ఆ ముక్క డాక్టరుగారికి చెప్పండి. ఊపిరే బొత్తిగా మాట వినట్లేదు."

పక్కగది స్టోరులోంచి భార్య వచ్చి టీ ఇచ్చింది, కుర్చీ దులిపి వేసింది. వచ్చినావిడ పెద్దమనసుతో చూడ్డానికి వచ్చిందనే అనుకుంది, అందుకని కడుపులో ఉన్నదంతా చెప్పుకుంది.

"చూశారుగా ఆ తొట్టి. ఇదివరకు అది నిండడానికి మూడు నెలలు పట్టేది, ఇప్పుడు మూడు రోజులు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, వద్దండీ అని. వినరు. సరే వెళ్లారు. వెళ్లినవారు బుద్ధిగా పడుకోవద్దూ? అందరూ పడుకోవడం లేదూ? ఈయనకే ఏం పుట్టింది కదలడానికి?"

"నేను కదల్లేదే," అన్నాడు ఆయన, మంట తగ్గిస్తూ.

"కదల్లేదట. డాక్టరుగారు అబద్ధం చెప్తున్నాడట. ఇంకోటి చెప్పనా సిస్టర్, రాత్రిపూట వెల్లకిలా పడుకుని పొట్టమీద నీళ్లగ్లాసు పెట్టుకుంటున్నారు. ఎందుకండీ అంటే, నిద్రలో కదులుతానేమో చూస్తున్నా అంటారు. ఐదు నిమిషాలు పడుకునేసరికి ఆయాసంతో లేచి కూర్చుంటారు, నీళ్లన్నీ పరుపుమీద. ఈ వయసులో పరుపు ఎండబెట్టుకుంటున్నాను నేను."

ఇంకెప్పుడైనా అయితే నవ్వొచ్చే మాటే. గాజు ఊదే ఆయన నవ్వాడు కూడా, ఎవరినో చూసి నవ్వినట్టు. సిస్టర్ గ్లాసులోకి చూస్తూ టీ తాగింది. సిద్ధం చేసుకున్న వాక్యం నాలిక చివరిదాకా వచ్చింది. భార్య వెళ్లాక చెబుదామనుకుంది. భార్య వెళ్లలేదు. ఇంకో పదినిమిషాలు ఆయన్ని కడిగిపారేసి, సిస్టర్‌కు రెండో టీ పోసింది. బస్సు టైమయిందని చెప్పి సిస్టర్ లేచి వచ్చేసింది. బస్సు అప్పుడే ఏమీ లేదు. స్టాపులో నలభై నిమిషాలు కూర్చుంది.

నాలుగో నెలలో ఆయన పరీక్షకు వచ్చాడు. పరీక్ష అదే చల్లటి గదిలో, ఖాళీ ఉన్న పూట చేశారు. ఎక్స్‌రే తెరముందు నిలబెట్టి, ముక్కుతో ఒక్కసారిగా గట్టిగా పీల్చమంటారు. పనిచేసే డయాఫ్రం కిందికి దిగుతుంది. పనిచెయ్యనిది పైకి పోతుంది. ఆయన మూడుసార్లు పీల్చాడు. మూడుసార్లూ ఎడమది దిగింది, కుడిది కాస్త పైకి లేచింది.

"ఇంకా టైముంది. ఏడాదిదాకా చూద్దాం," అని డాక్టరుగారు భుజం తట్టి వెళ్లిపోయాడు. అవతల గదిలో ఇంకో రోగి ఉన్నాడు. భార్య ఫైలు పట్టుకుని బయట వరండాలో కూర్చుంది. లోపల చొక్కా తొడుక్కుంటున్న గాజు ఊదే ఆయనా, ఎక్స్‌రే అట్టలు సర్దుతున్న సిస్టరూ మిగిలారు.

"ఆ రోజు కదలకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు ఆయన.

సిస్టర్ చేతులు ఆగాయి. "మీరు కదల్లేదన్నారు కదా బాబాయిగారూ."

"అన్నాను. ఎన్నాళ్లని అంటాం. మత్తులో ఉన్నవాడికేం తెలుసు. కదిలే ఉంటాను." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఊపిరి సంగతి అలా ఉంచండి, అది వస్తే వస్తుంది, రాకపోతే చిన్న సామాను చేసుకుంటాను. కానీ ఒంటిమీద అదుపు లేనివాడు మంటముందు కూర్చోకూడదు. పక్కవాళ్లకు ప్రమాదం. ఇంక బెంచీ దగ్గర కూర్చోనని కాగితం రాశాను. రేపు ఇచ్చేస్తాను."

జేబు తడిమి చూపించాడు. అందులో మడత పెట్టిన కాగితం ఉంది. ఏడవడం లేదు, ఎవరినీ తిట్టడం లేదు. లెక్క సరిచూసుకుని ఒప్పుకున్నవాడిలా ఉన్నాడు. సిస్టర్‌కు ఆ నిదానం చూసే భయమేసింది. ఆయన మొండిగా కాదన్నంతకాలం ఆవిడ ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆవిడ తప్పును ఆయన తన పేరున రాసుకుంటున్నాడు.

"మీరు కదల్లేదు," అంది.

"ఊరుకోండమ్మా, నన్ను ఓదార్చడానికి."

"ఓదార్చడం లేదు. మీ పొట్టమీద చెయ్యి నాది. గంటా నలభై నిమిషాలు ఉంది. మీరు ఒక్కసారి కూడా కదల్లేదు. తన్ను తగ్గుతోందని నాకు నూట ముప్పై ఒకటో సెకనులో తెలిసింది. నూట ముప్పై తొమ్మిదిలో చెప్పాను. అంతకుముందు రెండుసార్లు ఊరికే ఆపించానని అందరూ నవ్వారు. మళ్లీ నవ్వుతారని ఆగాను. ఎనిమిది సెకన్లు. వెంటనే చెప్తే బాగుండేదో లేదో తెలియదు, ఎవరికీ తెలియదు. కానీ ఆగింది నేను. ఆపాల్సిన పని నాది."

గాజు ఊదే ఆయన చొక్కా గుండీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏమంటాడోనని ఆవిడ కాచుకుంది. తిడతాడనుకుంది, పైవాళ్లకు ఫిర్యాదు చేస్తానంటాడనుకుంది. చేస్తే చెయ్యనీ అనుకుంది కూడా.

"ఒక్కసారి కూడా కదల్లేదా?" అన్నాడు.

"లేదు."

"దగ్గడం లాంటిది?"

"లేదు బాబాయిగారూ. మీలా పడుకున్నవాళ్లను నేను చూడలేదు."

ఆయన ఎనిమిది సెకన్ల గురించి ఒక్క మాట అడగలేదు. గుండీలు అడ్డదిడ్డంగా పెట్టుకుని, వెళ్లి తలుపు తీశాడు. ముఖంలో నాలుగు నెలలుగా లేనిది ఏదో వచ్చింది. సంతోషమనే అనాలి, ఇంకో పేరు లేదు.

"ఇదుగో, ఇలా రా. ఈవిడ ఒక మాట చెప్తున్నారు, విను. నేను కదల్లేదట. ఆ కాగితం ఇవ్వను నేను."

భార్య ఫైలుతో లోపలికొచ్చింది. సిస్టర్ మళ్లీ చెప్పాలి. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది. మొదటిసారి ఆయనకు ఉపకారం చేస్తున్నట్టు కాస్త ధైర్యం ఉంది, ఈసారి అదీ లేదు. అంకెలతో సహా అంతా చెప్పింది. రికార్డులో రాసింది తప్పని, అది ఈరోజే డాక్టరుగారి ముందు సరిచేయిస్తానని చెప్పింది.

భార్య మధ్యలో అడ్డు రాలేదు. విన్నంతసేపూ మొగుడికేసే చూసింది. ఆయన నెగ్గినవాడిలా తలూపుతున్నాడు. భార్య ఆయన దగ్గరికెళ్లి, అడ్డదిడ్డంగా పెట్టుకున్న గుండీలు విప్పి, ఒక్కొక్కటీ సరిగ్గా పెట్టింది. తరువాత సిస్టర్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఎనిమిది సెకన్లు భయపడ్డారు. సరేనమ్మా. మనుషులం, భయపడతాం. దానికి నేనేమీ అనను." ఆగి, ఫైలు చంకలో సర్దుకుంది. "ఆ రోజు మా కాలేజీకొచ్చారు. కుర్చీ వేశాను. టీ ఇచ్చాను. మీ ముందే ఈయన్ని నానా మాటలన్నాను. మీరు కూర్చుని విన్నారు."

"విన్నాను పిన్నిగారూ," అంది సిస్టర్.